కేకల పిన్ని కూర్చున్న చోటు

కొండ ఊటనీళ్ళను పైపులో ఊళ్ళోకి తెప్పించింది నేను. రెండుసార్లు ఊరి పెద్దగా ఎన్నికైంది నేను. కొండ కింద ఉన్న అడవిజంతువుల పార్కు గేటు నుంచి మా ఊరి దాకా రాతిమెట్లు వేయించినప్పుడు కూలీలతో సమానంగా రాళ్ళు మోసిందీ నేనే. పార్కు చూడడానికి వచ్చేవాళ్ళకు మన ఇళ్ళలోనే గదులు ఇద్దామని అందరికంటే ముందు అని, అని ఊరుకోకుండా మా ఇంటి పక్కగదికి సున్నం కొట్టించి, కిటికీకి కొత్త తలుపులు పెట్టించి సిద్ధం చేసిందీ నేనే. ఊరిబడిలో ఐదో తరగతి దాకా చదివినవాడు ఇంతకంటే ఏం చెయ్యాలి? ఇవన్నీ చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. చేసినవాడు నోరు మూసుకుంటే చెయ్యనివాడు చాటింపు వేసుకుంటాడు.

అయితే ఈ కొండ మనుషుల్లో ఒకరి గురించి రాయమంటే మాత్రం నేను మా మరదలి గురించే రాస్తాను. మరదలంటే మా ఆవిడకు సొంత చెల్లెలు. ఊరంతా ఆమెను కేకల పిన్ని అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా పిన్ని అనే పిలుస్తారు. వరస కలవకపోయినా పేరు అతికిపోయింది.

ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా పొలాలు కొండవాలున మెట్లు మెట్లుగా ఉంటాయి. పైన అడవి. బంగాళాదుంప ఊరినా, మొక్కజొన్న పాలుపట్టినా ఆ కబురు మాకంటే ముందు అడవిపందులకు తెలుస్తుంది. వాటి వెనక ఎలుగుబంట్లు, కొండమేకలు, అన్నిటికీ మించి కోతులు. అందుకని పై పొలంలో ఒక మంచె ఉండేది. మా మరదలు పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఆ మంచె ఎక్కించింది. యాభై దాటేదాకా ఆమె అది దిగలేదు. పెళ్ళయింది, కూతురు పుట్టింది, భర్త పోయాడు, కూతురు ఇంకో ఊరికి కాపురానికి వెళ్ళింది. మంచె మాత్రం అలాగే ఉంది, దాని మీద మా మరదలూ అలాగే ఉంది. ఊరందరి పంటకూ ఆమే కాపలా. పంట చేతికొచ్చాక ప్రతి ఇంటి నుంచీ ఆమె వాటా ఆమె ఇంటికి వెళ్ళేది.

ఆమె కేక మామూలు కేక కాదు. అరచెయ్యి చెంపకు ఆనించి, మడమలు కాస్త పైకెత్తి, కడుపులోంచి తీసేది. పందులకైతే పొట్టి పొట్టిగా కొట్టినట్టు ఉండేది. ఎలుగుకు పొడుగ్గా, కింది నుంచి పైకి లేచేది. కోతులకు మాత్రం ఉత్త కేక చాలదు, తిట్లు కావాలి. వాటి తాతముత్తాతల దగ్గర మొదలుపెట్టి ఒక్కర్నీ వదలకుండా పలకరించేది. ఆమె మంచె మీద ఉన్నన్నాళ్ళూ మా ఊరి పంట అడవి నోట పడలేదు. ఇది నేను ఊరిపెద్దగా ఉండి చూసిన మాట.

తరవాత అడవి మొత్తం పార్కు అయింది. జంతువుల మీద రాయి వెయ్యకూడదు, టపాకాయ కాల్చకూడదు అన్నారు. సరే అన్నాం. పంట పోతుంది కదా అంటే పొలాల చుట్టూ సోలార్ కంచె వేయించారు. ఆ కంచె కోసం ఆఫీసు మెట్లు ఎక్కి దిగింది నేనే, ఆ మాట దాచను. కంచె మంచి పని చేసింది. పందులు ముట్టుకుని, ఒక అరుపు అరిచి, వెనక్కి తిరిగేవి. ఊరు ఊపిరి పీల్చుకుంది. కానీ కంచె వచ్చాక మంచెతో పని లేదు. పొలాలు బాగుపడి మా మరదలి బతుకు ఖాళీ అయింది.

ఆమె మరిది టౌన్లో ఉంటాడు. మంచివాడే. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో వదినకు పని మాట్లాడాడు. అక్కడే ఉండడానికి ఒక గది. ఒకసారి చూసి వస్తానని వెళ్ళిన మనిషి రెండో రోజుకే వెనక్కి వచ్చింది.

"పని కష్టమా?" అని అడిగాను.

"పనిదేముంది బావా, దుప్పటి తిరగబడి కరుస్తుందా? ఎటు తిరిగి చూసినా ఎదురుగా గోడ. చూపు వెళ్ళి దానికి కొట్టుకుని మళ్ళీ నా దగ్గరికే వస్తోంది."

"మరి రానని చెప్పేశావా?"

"ఏమని చెప్పను? ఇక్కడ ఏం చేస్తానని చెప్పను? నెలాఖరు దాకా చూస్తామన్నారు. ఆ తరవాత ఇంకొకర్ని పెట్టుకుంటారట."

మా ఆవిడ అక్కడే ఉంది. "మా ఇంట్లో ఉండవే, నీకు ముద్ద పెట్టలేమా" అంది.

"నీ ముద్ద తినడానికి నాకేం నొప్పి అక్కా. తిన్నాక పొద్దుపోయేదాకా ఏం చెయ్యను, బావ చేసిన ఘనకార్యాలు వింటూ కూర్చోనా?"

సరిగ్గా ఆ రోజుల్లోనే పార్కు వాళ్ళు ఒక కబురు పంపారు. గేటు నుంచి వచ్చే నడకదారులు ఏ ఊరి మీదుగా వెళితే ఆ ఊరి మనిషినే ఒకరిని గైడుగా తీసుకుంటారు. శిక్షణ ఇస్తారు. ఆ తరవాత నిజమైన యాత్రికులతో ఒక నడక చేయించి చూస్తారు. బాగుంటే బ్యాడ్జీ ఇస్తారు, జీతం ఇస్తారు. లేకపోతే గేటు దగ్గరి గైడే నడిపిస్తాడు.

నేను ఆ సాయంత్రమే మా మరదలిని వెంటబెట్టుకుని రేంజరమ్మ దగ్గరికి వెళ్ళాను. పార్కులో మా వైపు కొండకు ఆమే అధికారి. మనిషి చిన్నదైనా మాట తూచి మాట్లాడుతుంది. మా మరదలు ఏ బండ వెనక ఏ దారి ఉందో కళ్ళు మూసుకుని చెబుతుందని చెప్పాను. "కళ్ళు తెరిచే చెప్పమనండి బాబాయ్‌గారూ, చాలు" అని నవ్వి పేరు రాసుకుంది.

శిక్షణలో మా మరదలు దేనికీ తడబడలేదు. కాలు బెణికితే కట్టు కట్టడం నేర్చుకుంది. వైర్లెస్‌లో మాట్లాడడం నేర్చుకుంది; అందులో మాత్రం కాస్త మెల్లగా మాట్లాడమన్నారు, అవతల గేటులో ఉన్నవాడు చెవి పట్టుకున్నాడట. ఇక నడక ఒక్కటే మిగిలింది. ఆ బ్యాడ్జీ వస్తే కొండ మీద ఉంటుంది, రాకపోతే నెలాఖరుకు టౌన్లో దుప్పట్లు. మధ్యలో ఇంకో దారి లేదు.

ఆ నడకకు ఒక డాక్టరమ్మ, ఆమె భర్త, ఫోటోలు తీసే ఒకతను వచ్చారు. వెనక రేంజరమ్మ. అందరి భోజనాల సంచీ మోస్తూ నేను. ఇంకెవరో ఎందుకు, నా వయసులో ఆ ఎక్కుడు ఎక్కగలిగినవాడు మా ఊళ్ళో నేనొక్కడినే.

పొద్దున్నే బయల్దేరాం. మా ఊరి రాతి ఇళ్ళ మధ్య నుంచి నడిపించింది. పలకరాళ్ళ కప్పులు మంచు బరువు ఎలా మోస్తాయో చెప్పింది. మాకు పైనున్న ఊరు చాలావరకు ఖాళీ అయి ఇప్పుడు మూడు ఇళ్ళల్లోనే పొయ్యి వెలుగుతున్నా, గోడలకు మాత్రం ఎవరో ఒకరు ఏటా మట్టి మెత్తుతూనే ఉంటారని చూపించింది. అడవిలోకి వచ్చాక గొంతు తగ్గించింది. నాకే ఆశ్చర్యమేసింది. డాక్టరమ్మకు ఆయాసం వస్తే అడక్కుండానే ఆగింది. రేంజరమ్మ నా వైపు చూసి తల ఊపింది. బ్యాడ్జీ వచ్చేసినట్టే అనుకున్నాను.

అడవి దాటితే ఒక లోయ. అవతలి గట్టున అడవిపళ్ళ పొదలు. అక్కడికి చేరి నిలబడ్డామో లేదో, పొదలు కదిలాయి. నల్లగా, గుండ్రంగా, పెద్ద ఎలుగు. ఫోటోలతను కెమెరా ఎత్తాడు. డాక్టరమ్మ భర్త చెయ్యి పట్టుకుంది.

మా మరదలు చెంపకు చెయ్యి ఆనించి కేక పెట్టింది.

ఆ లోయలో ఆ కేక అవతలి గట్టుకు తగిలి, పైకి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. ఎలుగు ఒక్క గెంతుతో వెనక్కి తిరిగి పొదల్ని చీల్చుకుంటూ పోయింది. ఎక్కడెక్కడి పిట్టలో లేచిపోయాయి. ఫోటోలతను కెమెరా అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"ఏమైందమ్మా, ప్రమాదమేమైనా ఉందా?" అన్నాడు డాక్టరమ్మ భర్త.

"ఏం భయం లేదు బాబూ. ఎలుగు వచ్చింది, తోలేశాను" అంది మా మరదలు, చీర కొంగు సర్దుకుంటూ. ఎవరైనా శభాష్ అంటారని చూసింది. ఫోటోలతను కెమెరా దించాడు. అప్పుడు ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చి, చివరికి నా మొహం చూసి, అర్థమై, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

రేంజరమ్మ కోప్పడలేదు. "పిన్నీ, వీళ్ళు ఇంత దూరం వచ్చింది దాన్ని చూడడానికే" అంది మెల్లగా.

"తెలుసమ్మా. నాకు తెలుసు. నా నోటికే తెలీదు."

దిగేటప్పుడు రేంజరమ్మ నాతో చెప్పింది. దారి, కబుర్లు, మనుషుల్ని చూసుకోవడం అన్నీ బాగున్నాయి, కానీ జంతువుల్ని బెదరగొట్టే గైడుకు బ్యాడ్జీ ఇస్తే తన ఉద్యోగానికే ఎసరు. నెలాఖరులోపు ఇంకొక్క నడక పెడతాను, అదే ఆఖరు అంది.

ఇక మా ఇల్లు కేక మానిపించే బడి అయింది. నేనే పంతుల్ని. నోట్లో నీళ్ళు పోసుకుని నడవమన్నాను. నీళ్ళుంటే నోరు తెరుచుకోదు కదా.

"నోట్లో నువ్వుగింజ నానని దానికి నీళ్ళు పోయిస్తున్నాడు చూడు" అని మా ఆవిడ నవ్వింది.

బుగ్గలు పూరించుకుని ఆమె ముందు, పరీక్షకుడిలా నేను వెనక, కంచె వెంబడి నడిచాం. మలుపు తిరిగితే కంచె అవతల పంది. మరదలు చటుక్కున వెనక్కి తిరిగింది. కేకా వచ్చింది, నీళ్ళూ వచ్చాయి. చొక్కా పిండుకుంటూ ఇంటికొచ్చాను.

"పోనీలే, చాలా రోజులకు స్నానం చేశావు" అంది మా ఆవిడ.

మరదలు నవ్వలేదు. గుమ్మంలో నిలబడి, "అక్కా, మరిదికి కబురు పెట్టించు. వస్తానని చెప్పు" అంది. నేను ఎన్నో పనులు చక్కబెట్టినవాణ్ణి, ఆ పూట నాకు ఒక్క మాటా తోచలేదు.

తోచింది మా ఆవిడకు. ఆ మర్నాడో, ఆ తర్వాతో, అక్కాచెల్లెళ్ళిద్దరూ పెరట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. మా పెరటి గోడ మీద పశువులు నాకడానికి ఉప్పురాయి పెడతాం. దాని కోసం ఒక కొండమేక గోడ మీదికి వచ్చింది. వంకర కొమ్ముల ఆడమేక. అది ఉప్పు నాకింది, గడ్డం విదిలించింది, మళ్ళీ నాకింది. మా మరదలు దాన్ని చూస్తూ కాయలు వలుస్తోంది. ఒడిలో తొక్కలు నిండాయి. దులపడానికి లేచి నిలబడింది. నిలబడగానే కేక పెట్టింది. మేక గోడ అవతలికి దూకింది.

"కూర్చోవే" అంది మా ఆవిడ.

"ఏం?"

"కూర్చో ముందు. అదొచ్చి ఎంతసేపైందో తెలుసా? సగం చేట కాయలు వలిచావు. దాన్ని చూస్తూనే వలిచావు. అప్పుడు అరవలేదేం?"

మా మరదలు కూర్చుంది. ఇంకో రెండు కాయలు వలిచింది. తరవాత, "మంచె మీద అమ్మ నన్ను కూర్చోనిచ్చేది కాదు" అంది. "కూర్చుంటే కునుకు వస్తుంది, నిలబడు అనేది. కూర్చున్నానంటే ఆ రోజుకు కాపలా అయిపోయినట్టే, దిగి ఇంటికొచ్చినట్టే. కేక నా గొంతులో లేదు అక్కా. కాళ్ళల్లో ఉంది."

"అయితే కాళ్ళు మడుచుకో" అంది మా ఆవిడ.

అంతే. నేను వేయించిన మెట్లకంటే, తెప్పించిన పైపుకంటే ఆ మూడు మాటలు పెద్ద పని చేశాయని ఒప్పుకుంటున్నాను.

రెండో నడకకు ఒక బ్యాంకు మేనేజరు, ఆయన భార్య, ఆమె తమ్ముడు వచ్చారు. మేనేజరు చేతిలో రెండు ఊతకర్రలు, కాళ్ళకు కొత్త బూట్లు. శిఖరం చూసి రావాలని వచ్చిన మనిషి. అడవి దాకా హుషారుగా నడిచాడు. లోయ అంచుకు ఇంకా చేరకముందే, చెట్ల నీడ అయిపోయే చోట, మా మరదలు ఆగి ఒక వెడల్పాటి బండ చూపించింది.

"ఇక్కడ కూర్చోవాలి" అంది.

"ఎంతసేపు?" అన్నాడు మేనేజరు.

"అది వాటి ఇష్టం బాబూ."

అందరూ కూర్చున్నారు. గాలి అవతలి గట్టు నుంచి మా వైపు వీస్తోంది. మా మరదలు బండ అంచున కాళ్ళు మడుచుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా పొదలు. పొదల్లో ఏమీ లేదు. నీడ జరిగింది. బండ వేడెక్కింది. రేంజరమ్మ గడియారం చూసుకుంది. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి.

మేనేజరు లేవబోయాడు. "మీరంతా కూర్చోండి, నేనలా పైదాకా వెళ్ళొస్తాను. మేం నడవడానికి వచ్చాం కానీ..."

"కూర్చోండి బాబూ" అంది మా మరదలు, తల తిప్పకుండా. "మీరు లేస్తే మీ వెంట నేనూ లేవాలి. నేను లేస్తే ఇక ఎవరూ ఏమీ చూడరు."

ఆయనకేం అర్థమైందో కానీ బావమరిది అందుకున్నాడు. "కూర్చోండి బావా. ఆఫీసులో పొద్దస్తమానం చేసే పనే కదా."

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన గొణుక్కుంటూ కూర్చున్నాడు. బావలకు మర్యాద అక్కడా అంతేనన్నమాట అనుకున్నాను.

ఆ నవ్వు ఆగాక పొదలు కదిలాయి. మొదట ఎలుగు తల్లి వచ్చింది. దాని వెనక, పళ్ళ రసం మూతికంతా పూసుకున్న పిల్ల. తల్లి కొమ్మ వంచి పట్టుకుంది, పిల్ల కింద నిలబడి తింది. నేను వాటిని చూడలేదు. మా మరదలిని చూస్తున్నాను. ఆమె కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. భుజం దాకా వచ్చింది. చెంప దగ్గరికి వచ్చింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండి, మెల్లగా దిగి, బండ మీద ఆనుకుంది. వేళ్ళు బండను గట్టిగా పట్టుకున్నాయి.

తల్లి ఎలుగు మా వైపు తిరిగింది. ముక్కు పైకెత్తి గాలి వాసన చూసింది. అదీ మేమూ ఎదురెదురుగా అలా ఉండిపోయాం. తరవాత దానికి మేమేం లెక్కలోకి రానట్టు మళ్ళీ కొమ్మ అందుకుంది.

మా మరదలు నా వైపు వంగింది. గుసగుస. ఆమె గొంతులో గుసగుస వినడం నాకదే మొదలు.

"బావా, దాని కళ్ళెంత చిన్నవో చూశావా? మూతి తెల్లగా ఉంటుందని నాకు తెలీదు."

"ఇన్నేళ్ళు చూశావు కదే."

"ఎక్కడ? పారిపోతుంటే వీపే కదా కనబడేది. మొహం ఎప్పుడు చూపించనిచ్చాను?"

ఆమె కళ్ళు తడిశాయి. తల్లీ పిల్లా తినడం అయ్యాక, ఎవరూ తోలకుండానే, వాటంతట అవే గట్టెక్కి అడవిలోకి వెళ్ళిపోయాయి. అప్పటిదాకా మేనేజరు ఊతకర్రల జోలికి పోలేదు. శిఖరం సంగతి ఆ రోజు మళ్ళీ ఎత్తలేదు.

భోజనాలు అక్కడే విప్పాం. రేంజరమ్మ మా మరదలి పక్కన వచ్చి కూర్చుంది. సంచిలోంచి బ్యాడ్జీ తీసి ఆమె చేతిలో పెట్టింది. అందరి ముందూ పెట్టింది. అది నాకు నచ్చింది.

"వచ్చే వారం పదిమంది వస్తున్నారు పిన్నీ. మీతోనే పంపిస్తాను" అంది.

మా మరదలు బ్యాడ్జీని అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత బండను ఒకసారి చూసింది.

"పదిమంది వద్దమ్మా. ఈ బండ మీద నేను కాక ఆరుగురికే చోటు."

"పదిమందీ డబ్బు కట్టేశారు పిన్నీ."

"కడితే నలుగుర్ని మర్నాడు పంపించు. నిలబడి చూస్తామంటే నేను తీసుకురాను. కూర్చునేవాళ్ళే కావాలి నాకు."

బ్యాడ్జీ ఇంకా రవికెకు పెట్టుకోనైనా లేదు, అప్పుడే బేరం. రేంజరమ్మ నా వైపు చూసింది. నేను రొట్టె విరుచుకుంటూ వేరే దిక్కు చూశాను. నా ఇంటి ఆడపడుచులాంటి మనిషి తన పని తాను మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరేంత తెలివితక్కువవాణ్ణి కాను.

"సరే, ఆరుగురే" అంది రేంజరమ్మ. "మర్నాడు నలుగురు. మీరు ఊళ్ళోనే ఉంటారు కదా? ఎక్కడికో వెళ్తున్నారని విన్నాను."

"ఎక్కడికీ లేదమ్మా" అంది మా మరదలు. "ఇక్కడే ఉంటాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు పిలువు."